తవర్జీ నుంచి పింఛను దాకా: కర్నూలు, కడప సీమలో వృద్ధుల చేతిడబ్బు

వృద్ధుల సంక్షేమాన్ని గురించిన చర్చలు తరచుగా మొత్తం దగ్గర మొదలై మొత్తం దగ్గరే ముగుస్తాయి. నెలకు ఎంత, ఎంతమందికి అనే లెక్కలు అవసరమే. అయితే కర్నూలు, కడప ప్రాంతాల చరిత్రను పరిశీలించినప్పుడు మరొక ప్రశ్న కూడా అంతే బలంగా ఎదురవుతుంది. ఆ డబ్బు ఎవరి చేతిమీదుగా, ఏ మాటతో, ఏ గడప దగ్గర అందుతోంది? వృద్ధాప్యంలో మనిషి నెమ్మదిగా ఉండటానికి, డబ్బు పట్ల అతని వైఖరి రూపొందడానికి ఈ ప్రశ్నతో దగ్గరి సంబంధం ఉంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసి పాలెగాళ్ల అధికారాలను తొలగించాడు. వారిలో పలువురికి కుంఫిణీ నెలసరి భరణాలు ఏర్పరచింది. స్థానికంగా వీటికి తవర్జీ అని పేరు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు వచ్చిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన మాతామహుడు, నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మగసంతతి లేకుండా మరణించగా ఆ ఇంటి భరణం రద్దయింది. 1846లో తన తవర్జీ కోసం నరసింహారెడ్డి పంపిన మనిషిని కోయిలకుంట్ల తహసీల్దారు అవమానించి తిప్పి పంపాడని జనశ్రుతి. అదే ఏడు జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీశారు. తిరుగుబాటుకు ఇనాముల రద్దు వంటి విస్తృత కారణాలున్నాయి. అయినా జానపదుల జ్ఞాపకంలో నిలిచినది పదకొండు రూపాయల మొత్తం కంటే, దాన్ని ఇవ్వనన్న మాట. కోయిలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలులో కలిసింది. ఇప్పుడది నంద్యాల జిల్లా. కనుక ఈ ఘటనను రెండు జిల్లాల ఉమ్మడి చరిత్రగానే చూడాలి.

అదే ఉయ్యాలవాడ మరొక పేరుకూ ప్రసిద్ధం. 1866 కరువులో బుడ్డా వెంగళరెడ్డి అక్కడ వేలమందికి అన్నం పెట్టించాడు; విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం పొందాడు. ఒకే ఊరు రావలసిన భరణం కోసం తిరగబడ్డవాడినీ, అడగకుండానే పెట్టినవాడినీ పాటల్లో నిలుపుకుంది. ఈ రెండు స్మృతులను విడివిడిగా చదివే అలవాటు మన పరిశోధనలో ఉంది. కలిపి చదివితే తీసుకునే చేతి గౌరవం గురించి సీమ సమాజపు పట్టింపు స్పష్టపడుతుంది.

పదేళ్లకే 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని కోల్పోయింది. సహాయపు పనుల్లో రోజుకూలిని రిచర్డ్ టెంపుల్ ఒక పౌను ధాన్యానికి, కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. మట్టి మోయగలిగినవారికే ఆ కూలి. మోయలేని ముసలివారు ఉచిత సహాయం కింద, దయకు పాత్రులుగా లెక్కకు వచ్చారు. అంతకుముందే వచ్చిన 1871 పింఛనుల చట్టం, ప్రభుత్వం మంజూరుచేసే పింఛనులపై సివిల్ కోర్టుల్లో దావాలను 4వ సెక్షనుతో నిరోధించింది. పింఛను పాలకుల దయ అనే భావనకు చట్టరూపం ఇదే.

ఇంటిలోపలి ఆర్థికం వేరు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడి గ్రామాల్లో పొదుపు అంటే జొన్నపాతర. పాతర ఎప్పుడు తెరవాలో నిర్ణయించే పెద్దకు ఇంటిలో మాట చెల్లేది. పైరు నేరుగా అంగడికి పోయి, భూమి పంపకాలై, పెద్దలు కొడుకుల ఇళ్లలో వంతులవారీగా తినే స్థితి వచ్చేసరికి ఆ మాట పలచబడింది. కొంగుముడిలోనో, రొండిన దోపుకున్న వక్కాకు సంచిలోనో మిగిలిన చిల్లరే వారి సొంతం. దీన్ని పిసినారితనమని ఎగతాళి చేసే కథలు చాలానే ఉన్నాయి. అవి సగమే నిజం. మందుబిళ్లకూ మనవడి చేతిలో పెట్టే రూపాయికీ ఎవరినీ అడగనవసరం లేకపోవడమే ఆ ముడి విలువ.

భూమి రాసిచ్చిన పెద్దలకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఒక దారి చూపింది. పోషిస్తామన్న షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించే వీలు 23వ సెక్షనులో ఉంది. కానీ కడుపున పుట్టినవాడితో షరతు రాయించుకోవడమే అవమానమని భావించే పల్లెల్లో ఆ షరతు చాలాసార్లు నోటిమాటగానే మిగులుతుంది.

బ్రిటన్‌లో 1908 చట్టం ప్రకారం 1909 జనవరి 1 నుంచి డెబ్బై ఏళ్లవారికి వారానికి ఐదు షిల్లింగుల వరకు తపాలా కార్యాలయంలో ఇచ్చారు. పేదల చట్టపు అధికారుల ఎదుట నిలబడే అగత్యం లేకుండా చేసిన ఏర్పాటది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 1960లోనే మొదలైంది. 1995 ఆగస్టు 15న జాతీయ పథకం 75 రూపాయల కేంద్ర వాటాతో వచ్చింది. రాష్ట్రంలో పింఛను 2006లో 200, 2014 అక్టోబరులో 1000, 2019 జనవరిలో 2000 రూపాయలైంది. 2024 జూలై నుంచి 4000. 2019లో అర్హత వయస్సు 65 నుంచి 60కి తగ్గింది. ఈ మధ్యకాలంలోనే కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు మహిళల పొదుపు సంఘాలకు పేరుపొందింది. 2009లో వచ్చిన అభయహస్తం పథకం అటువంటి సంఘాల మహిళల రోజుకు రూపాయి పొదుపుకు ప్రభుత్వ రూపాయిని జతచేసింది. తాను దాచుకున్నదే తిరిగి వస్తున్నదనే భావన అందులో ఉంది. పైస్థాయి పథకాల చరిత్రలో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదు.

2020 ఫిబ్రవరి 1 నుంచి పింఛను గడప దగ్గరికే వచ్చింది. రచ్చబండ దగ్గర, పంచాయతీ కార్యాలయం ముందు వరుసలో కూర్చోవడం తప్పింది. కాయకష్టంతో అరిగిన వేళ్ల ముద్రలు యంత్రానికి అందని ఇబ్బంది మాత్రం ఇంటిదాకా వెంటవచ్చింది. 2024 ఎన్నికల వేళ వాలంటీర్లను పంపిణీ నుంచి తప్పించారు. ఏప్రిల్ ఎండల్లో సచివాలయాలకు, మే నెలలో బ్యాంకులకు వృద్ధులు వెళ్లవలసి వచ్చింది. మొత్తం మారలేదు, దారి మారింది. సీమ ఊళ్లలో ఆ రెండు నెలలూ పెద్దల మాటలన్నీ ఆ దారి గురించే. జూలైలో సచివాలయ ఉద్యోగులు మళ్లీ ఇళ్లకు వెళ్లారు.

ఇన్ని మార్పుల తరువాత కూడా సాధారణంగా ఒక కుటుంబానికి ఒకే పింఛను. వృద్ధ దంపతుల్లో అది భర్త పేరిట ఉంటే భార్య చేతికి సొంతంగా ఏమీ రాదు. నొస్సంలో జయరామిరెడ్డి తవర్జీ ఆయనతోనే ఆగిపోయింది. ఇప్పుడు ఆగదు, భర్త పోయాక భార్య పేరు జాబితాలోకి ఎక్కుతుంది. అప్పటిదాకా ఆమె కొంగుముడిలోకి వచ్చేది భర్త ఇచ్చినంతే.