జాసూసీ కళ్లకు చిక్కిన ఆస్మానీ రోషనీ

ఎండాకాలం రాత్రుళ్లు మా దాదీ దాబా మీద చాపలు పరిచేది. ఆమె పక్కన మేం పిల్లలం పడుకునేవాళ్లం. “కొన్ని సితారాల రోషనీ మన దాకా సఫర్ చేసి వచ్చేసరికి తరాలు గడిచిపోతాయి అమ్మీ” అన్నాడు ఒకరోజు అబ్బా. దాదీ కాసేపు ఆలోచించి, “అట్లయితే మనకందేదంతా పాత ఖబరేనా బేటా?” అంది.

ఆ సవాల్ నన్ను ఒక పాత కిస్సా దగ్గరికి తీసుకెళ్లింది. అది ఇల్మ్‌తో కాదు, షక్‌తో మొదలైన కిస్సా.

1963లో అమెరికా, సోవియట్ రష్యా, బ్రిటన్ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. గాలిలోగానీ, నీటిలోగానీ, అంతరిక్షంలోగానీ అణుబాంబు పరీక్షలు చేయకూడదని. దస్తఖత్‌లైతే అయ్యాయిగానీ, ఒకరి మీద ఒకరికి భరోసా ఏదీ? చంద్రుడి వెనక చాటుగా బాంబు పేలిస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఆ ఏడాదే అమెరికా ‘వేలా’ ఉపగ్రహాలను పైకి పంపడం మొదలెట్టింది. కాపలా కాయడం అనే అర్థమిచ్చే స్పానిష్ మాట నుంచి వచ్చిన పేరది. భూమికి లక్ష కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తిరుగుతూ, బాంబు పేలితే పుట్టే గామా కిరణాల కోసం పహారా కాయడమే వాటి పని.

1967 జులై 2న వాటికి ఒక గామా మెరుపు తగిలింది. రెండేళ్ల తర్వాత లాస్ అలమోస్‌లో రే క్లెబెసాడెల్, రాయ్ ఓల్సన్ పాత లెక్కలు తిరగేస్తుంటే అది కంటపడింది. దాని తీరు బాంబులా లేదు. తర్వాత పంపిన వేలాలు ఇంకా సున్నితమైనవి. ఒకే మెరుపు ఒక్కో ఉపగ్రహాన్ని ఏ క్షణాన తాకిందో పోల్చి, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో అందాజా వేశారు. భూమి నుంచి కాదు, సూర్యుడి నుంచీ కాదు! 1973లో అలాంటి 16 మెరుపుల సంగతి దునియాకు చెప్పారు. దుష్మన్ బాంబు కోసం వెతికిన కళ్లకు ఆస్మాన్ రాజ్ దొరికింది.

మరి ఎంత దూరం నుంచి వస్తున్నాయి? ఈ జవాబుకు పాతికేళ్ల సబర్ కావాల్సి వచ్చింది. గామా కిరణాలను మన గాలిపొర నేల దాకా రానివ్వదు. పైగా ఆ మెరుపు క్షణాల్లోనో నిమిషాల్లోనో మాయమైపోతుంది. 1991లో వెళ్లిన కాంప్టన్ అబ్జర్వేటరీ తొమ్మిదేళ్లలో 2,700 పైగా మెరుపులను పట్టింది. అవి అన్ని దిక్కుల నుంచీ సమానంగా వచ్చాయి. మన పాలపుంతలోవే అయితే దాని పట్టీ వెంబడే ఎక్కువ కనబడాలి కదా? అయినా ఆలిములకు రాజీ కుదరలేదు. 1995లో వాషింగ్టన్‌లో బహస్ పెట్టుకున్నారు. దగ్గరివే అన్నాడు డొనాల్డ్ లాంబ్. చాలా దూరానివి అన్నాడు పోలండ్‌కు చెందిన బోదాన్ పచిన్‌స్కీ.

ఫైసలా చేసింది ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి పంపిన బెప్పోశాక్స్. 1997 ఫిబ్రవరి 28న ఒక మెరుపు రాగానే, కొన్ని గంటల్లోనే తన ఎక్స్‌రే కళ్లను అటు తిప్పింది. అక్కడ ఆరిపోతున్న వెలుగు ఒకటి కనిపించింది. పొయ్యిలో మంట ఆరాక కూడా బొగ్గులు ఎర్రగా ఉంటాయి చూడండి, అలాగే. పేలుడు నుంచి దూసుకొచ్చిన పదార్థం చుట్టూ ఉన్న వాయువును ఢీకొంటే పుట్టే మిగులు వెలుగు అది. అదే మేలో ఇంకో మెరుపు మిగులు వెలుగును హవాయిలోని కెక్ టెలిస్కోపు పరీక్షించింది. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరమని తేలింది. పచిన్‌స్కీ మాటే నిజమైంది.

2004లో వెళ్లిన స్విఫ్ట్ నిమిషం, రెండు నిమిషాల్లోనే తనంతట తాను అటు తిరిగి చూడగలదు. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్లింది. అందులోని ఒక పరికరం అక్టోబర్ 6న, పని మొదలెట్టిన రోజే, ఒక గామా మెరుపును పట్టుకుంది.

2008 మార్చి 19న స్విఫ్ట్ చూసిన ఒక మెరుపు వెలుగు, చీకటి ఆకాశం కింద ఉన్నవాళ్ల మామూలు కంటికి కూడా కొన్ని క్షణాలు అందేంత వచ్చింది. అది బయల్దేరి దాదాపు 750 కోట్ల ఏళ్లయింది. అప్పటికి మన జమీన్ కూడా పుట్టలేదు.

దాదీ ఉంటే చెప్పేవాణ్ణి: అవును దాదీ, ఖబర్ పాతదే. కానీ అందుకునేవాళ్లు మేలుకుని ఉంటే, అందిన రోజే అది తాజా.