తిరిగే బోరు సీలు

తిరిగే బోరు సీలు అంటే ఇరుసు కదలకుండా, దాని చుట్టూ ఉన్న బోరు (గుండ్రని రంధ్రమున్న భాగం) మాత్రమే తిరిగే యంత్రాల్లో వాడే రబ్బరు సీలు. ఇది గ్రీజు, నూనె బయటికి కారకుండా, దుమ్ము, నీరు లోపలికి చేరకుండా ఆపుతుంది. లారీ, ట్రైలర్ చక్రాల హబ్బుల్లోనూ, కన్వేయర్ రోలర్లలోనూ ఈ అమరిక ఉంటుంది.

సమస్య: మామూలు ఆయిల్ సీలు కదలని హౌసింగులో బిగిసి ఉంటుంది. దాని లిప్‌ను (అంచును) స్ప్రింగు తిరిగే షాఫ్టు మీద నొక్కి పట్టుకుంటుంది. అదే సీలును హబ్బులో బిగిస్తే హబ్బుతో పాటే తిరుగుతుంది. అప్పుడు అపకేంద్ర బలం లిప్‌ను, స్ప్రింగును బయటికి లాగుతుంది. ఈ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుంది. పట్టు సడలి నూనె కారుతుంది.

పరిష్కారాలు: వేగం తక్కువైతే మామూలు సీలే సరిపోతుంది. వేగం ఎక్కువైతే సీలును ఇరుసుకే బిగించి, లిప్‌ను బోరు లోపలి గోడకు ఆనిస్తారు. లిప్ తిరగదు కాబట్టి అపకేంద్ర బలం దాన్ని ఎత్తలేదు. బురదలో నడిచే వాహనాలకు లిప్‌లు, అవి ఆనే స్లీవు (తొడుగు) ఒకే భాగంగా వచ్చే క్యాసెట్ సీలు మేలు.

బిగింపు, రబ్బరు ఎంపిక: లిప్ ఆనే ఉపరితలం గరుకుదనం సాధారణంగా 0.2–0.8 మైక్రోమీటర్ల మధ్య ఉండాలి. మర చుట్టులాంటి సన్నని గీతలు మిగిలితే, అవే నూనెను బయటికి తోడేస్తాయి. నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకూ, ఫ్లోరో రబ్బరు 200 వరకూ తట్టుకుంటాయి.