గొట్టమున చిక్కిన గుండు

హైటెక్ సిటీలోని గాజుమేడల పై అంతస్తునుండి దక్షిణముగా చూచినచో గోలకొండ గుట్టయు, దానిపైని బాలాహిస్సారును కానవచ్చును. రెంటికిని నడుమ దూరము ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు. ఈ మేడలలో పనిచేయు యువకులు తప్పుగా వ్రాసిన పంక్తిని ఒక్క మీట నొక్కి తుడిచివేయగలరు. ఆ కోటగోడలపై కాపున్న సిపాయికి అట్టి సౌకర్యము లేదు. అతడు తన తుపాకిలో ఒకమారు దట్టించినది ప్రేలి వెలుపలికి పోవలయును. లేదా అతి కష్టముమీద వెనుకకు తీయవలయును. ఫిరంగులు ఎట్లు ప్రేలినవో చరిత్ర గ్రంథములు విస్తారముగా చెప్పుచున్నవి. ప్రేలక నిలిచిపోయిన గుండును ఎట్లు తీసిరో తెలుపునవి అరుదు. మేము నేడు ఈ రెండవ సంగతినే శ్రోతలకు విన్నవింపదలచితిమి.

పూర్వపు తుపాకి ఒక చివర మూసిన ఇనుపగొట్టము. నింపుటకును, ప్రేల్చుటకును దానికి ఉన్నది ఒక్కటే నోరు. మొదట మందు పోసి, దానిపై గుడ్డపీలికయో కాగితమో ఉంచి, సీసపు గుండును వేసి, పొడవైన కడ్డీతో అడుగువరకు దట్టింతురు. ఉర్దూలో ‘గజ్’ అను మాటకు కొలబద్ద అను అర్థముతోపాటు ఈ కడ్డీ అను అర్థమును కలదు. గొట్టపు అడుగున ప్రక్కగా చెవి వంటి సన్నని బెజ్జ ముండును. దానియొద్ద చిటికెడు రంజకము పోసి వత్తితో అంటించినచో నిప్పు లోనికి ప్రాకి మందు ప్రేలును. పని సవ్యముగా సాగినంతకాలము ఇందు చిక్కు లేదు.

చిక్కు మూడు విధముల కలుగును. మొదటిది తేమ. తుపాకిమందులో నూటికి డెబ్బదియైదు పాళ్లు సూరేకారము, పదునైదు బొగ్గు, పది గంధకము. సూరేకారము చక్కగా శుద్ధి కానిచో దానిలోని ఇతర లవణములు గాలిలోని చెమ్మను పీల్చుకొనును. రంజకము భగ్గుమని మండినను లోపలి మందు అంటుకొనదు. రెండవది మసి. ఈ మందు కాలినపుడు అందు సగమునకు పైగా పొగయు, గట్టి మడ్డియునై మిగులును. ఆ మడ్డి గొట్టపు గోడలకు పట్టి, కొన్ని దెబ్బలు కాల్చునప్పటికి లోపలి ఇరుకు హెచ్చి, గుండు నడుమనే బిగిసిపోవును. మూడవది మనుష్యుని తొందర. మందు పోయుట మరచి గుండును మాత్రము దట్టించినవారు అన్ని దేశములలోను ఉండిరి.

నడుమ బిగిసిన గుండు అడుగున నిలిచిన గుండుకంటె ప్రమాదకరము. మందునకును గుండునకును నడుమ ఖాళీ మిగిలినపుడు ప్రేల్చినచో, వెలువడిన వాయువు వేగముగా వచ్చి గుండు వెనుక ఒక్కచోట ఒత్తిడి చేయును. అప్పుడు గొట్ట మచ్చట ఉబ్బును, లేదా పగులును. పగిలిన గొట్టము శత్రువును వదలి, పట్టినవాని చేతిని, కన్నును హరించును. కావుననే గుండు మందును తాకి కూర్చున్నదా యని ఎరుగుటకు అనుభవజ్ఞులు కడ్డీపై ఒక గీటు గీసికొందురు. గీటు గొట్టపు నోటికి సరిపోయినచో క్షేమము. పైకి కనబడినచో లోపల ఏదో అడ్డమున్నదని అర్థము.

ఇక తీయు విధము. ముందు రంజకమును తుడిచి, నిప్పును దూరముగా ఉంచవలయును. పిమ్మట కడ్డీ చివర ఒక చిన్న పనిముట్టును బిగింతురు. సీసా బిరడాను లాగు మరవలె మెలితిరిగిన రెండు కొక్కెములు గలది ఒకటి. ఇది గుడ్డపీలికలను, కాగితమును పట్టి లాగును. మొనదేరిన మరమేకు వంటిది మరియొకటి. దీనిని త్రిప్పుచు నొక్కినచో మెత్తని సీసములోనికి దిగి గుండును కరచుకొనును. గుండు వచ్చిన తరువాత మందును వంచి పారబోయుదురు. కొందరు ముందుగా చెవి వెంట నీరు పోసి మందును చంపి, ఆ తరువాతనే మరమేకును త్రిప్పుదురు. ఇనుము ఇనుముతో రాచుకొని నిప్పురవ్వ లేచునేమో యను భయమే దీనికి కారణము. మందు పోయక దట్టించిన గుండునకు వేరొక ఉపాయము కలదు. చెవి వెంట కొంచెము మందును లోనికి ఎక్కించి, గుండును మరల అడుగంట దట్టించి, నిర్జనమైన దిక్కునకు గురిపెట్టి కాల్చివేయుదురు. నేడు కొన్ని దేశములలో పాతతుపాకుల వేడుకరులు బొగ్గుపులుసు వాయువును చెవి వెంట పంపి, నిప్పు లేకయే గుండును వెలికి నెట్టుచున్నారు. ఏ పద్ధతి యైనను ఒక్క నియమము మారదు: తీయువాడు గొట్టపు నోటికి ఎదురుగా నిలువరాదు.

ఫిరంగికిని ఇవే సూత్రములు. పనిముట్లు మాత్రము పెద్దవి. మెలికకొక్కెమును నిలువెత్తు కర్రకు బిగింతురు. ప్రతి దెబ్బ పిమ్మట తడిసిన కుంచెతో గొట్టమును తుడిచి, మిగిలిన నిప్పును ఆర్పుదురు. ఫిరంగిగుండు గొట్టముకంటె కొంచెము చిన్నదిగా పోత పోయబడును గనుక, మూతి దించి కదలించినచో ఒక్కొక్కప్పుడు దానంతట అదియే దొరలి వచ్చును. గోలకొండ కోటకు పోయినవారు మూసాబురుజును, ఔరంగజేబు సైన్యము వాడిన ఫతే రహబరు ఫిరంగి యున్న పెట్లాబురుజును చూచియే యుందురు. ఆ ఫిరంగిగొట్టపు పొడవును ఒకమారు మనస్సున నిలిపికొన్నచో, అందు చిక్కిన బరువును లాగుట ఎంతటి పనియో తెలియగలదు.

గోలకొండ చరిత్రలో ఇట్లు దట్టించిన మందును వెనుకకు తీసిన గొప్ప ఘట్టము ఒకటి కలదు. అది తుపాకిలోని మందు కాదు, భూమిలోని మందు. 1687వ సంవత్సరము ఫిబ్రవరిలో ఔరంగజేబు సైన్యము కోట చుట్టును కందకములు త్రవ్వ నారంభించెను. వానకాలము వచ్చినను కోట లొంగలేదు. మొగలాయీలు సొరంగములు త్రవ్వి బురుజుల క్రిందికి చేర్చి, మూడు సొరంగములలో ఒక్కొక్కదానియందు అయిదువందల మణుగుల మందు కూరిరి. జూను 20వ తేదీన అంటింప నిశ్చయించిరి. కాని కోటలోనివారు ఈ సంగతి పసిగట్టి, లోపలినుండి ఎదురు సొరంగములు త్రవ్వి, మందును కొంత తోడివేసిరి. తోడలేనిచోట నీరు పోసి తడిపిరి. నిప్పు పెట్టగానే కోటవైపు మందు మండక, వెలుపలివైపు మిగిలినది మాత్రము ప్రేలెను. రాళ్లును మన్నును ముట్టడి చేసినవారి మీదనే కురిసెను. పెక్కువందల మొగలాయీ సైనికులు ఆ దినమున మరణించిరి. ఒక సొరంగము ప్రేలనే లేదు. మందును వెనుకకు తీయు విద్య కోట ఆయుర్దాయమును మరి మూడు నెలలు పొడిగించినదనుట అతిశయోక్తి కాదు. చివరకు సెప్టెంబరు 21వ తేదీన ద్వారము తెరచినది ఫిరంగి కాదు; అబ్దుల్లా పానీ చేసిన ద్రోహము. ఆనాడు ఒంటినిండ గాయములతో పోరాడిన అబ్దుల్ రజాక్ లారీ పేరు నేటికిని గోలకొండతోపాటు నిలిచియున్నది.

అదే ముట్టడి తొలిదినములలో కోటనుండి వచ్చిన గుండు ఒకటి మొగలాయీ సేనాని కిలీచ్ ఖాన్ భుజమును ఎగురగొట్టెను. వైద్యులు విరిగిన ఎముకల తునియలను ఏరుచుండగా ఆయన రెండవ చేతితో కాఫీ త్రాగుచు తొణకక కూర్చుండెనని ఆనాటి దర్బారు చరిత్ర చెప్పుచున్నది. ఆ గాయముననే ఆయన మరణించెను. సమాధి హిమాయత్ సాగరము దరి కిస్మత్‌పురాలో నున్నది. హైదరాబాదులో ఆసఫ్‌జాహీ వంశమును స్థాపించిన నిజాముల్‌ముల్కునకు ఈయన తాత.

నూరేండ్లు గడచిన పిదప నిజాము కొలువున ఫ్రెంచి సేనాని రేమండు సైన్యమును తీర్చిదిద్దెను. ఆయన కాలమున ఫిరంగులును, గుండ్లును పోతపోసిన చోటు నేటికిని ‘తోప్ కా సాంచా’ అనియు, ‘గన్‌ఫౌండ్రీ’ అనియు పేరు కలిగియున్నది. పోతశాల యుండుటవలన ప్రయోజనమేమి? గుండ్లన్నియు ఒకే కొలతకు వచ్చును. చేతివాటముగా చేసిన గుండ్లలో కొన్ని పెద్దవై బిగియును, కొన్ని చిన్నవై గురితప్పును. రేమండు 1798 మార్చిలో మరణించెను. ఆ యేటనే అక్టోబరు 22వ తేదీన ఆంగ్లేయులు ఆయన దళములను యుద్ధము లేకయే నిరాయుధులను చేసిరి. వేలకొలది తుపాకులు ఒక్క దినమున ప్రేలక చేతులు మారినవి.

బిగిసిన గుండు మన దేశ చరిత్రను మలుపు త్రిప్పిన సందర్భమును ఒకటి కలదు. రైఫిలు గొట్టము లోపల మెలితిరిగిన గాడు లుండును. గుండు ఆ గాడులను ఒరసికొని తిరుగుచు పోవుటచేతనే గురి కుదురును. ఒరయవలెనన్న బిగువుండవలెను, బిగువున్నచో పైనుండి దట్టించుట కష్టము. ఆంగ్లేయుల మొదటి రైఫిలుదళములకు గుండును దిగగొట్టుటకు చిన్న కొయ్యసుత్తెల నిచ్చిరి. 1849లో మినియే అను ఫ్రెంచి సైనికుడు అడుగు గుల్లయైన గుండును రూపొందించెను. అది వదులుగా దిగి, ప్రేలినపుడు వెడల్పై గాడులను పట్టుకొనును. ఈ పద్ధతినే అనుసరించినది 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు. దానిలోను మసి పేరుకొని గుండు బిగియకుండుటకై కాగితపు తూటాకు కొవ్వు పూసిరి. ఆ తూటాను పండ్లతో కొరకి చింపవలయును. అది ఆవు, పంది కొవ్వు అను వార్త 1857లో సిపాయిల గుండెలను మండించెను. తక్కిన కారణములు ఎన్ని యున్నను నిప్పంటించిన రంజకము ఇదియే. ఆ జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీనులు హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసిరి. తుర్రెబాజ్ ఖాన్ చెరనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను దాపున చంపబడెను. మౌల్వీ అండమానులకు పంపబడెను.

ఈ తుపాకుల చిక్కు ఎంత విస్తారమో అమెరికా అంతర్యుద్ధము వెల్లడించినది. 1863లో గెటిస్‌బర్గు యుద్ధము ముగిసిన పిదప రణభూమిలో ఏరిన తుపాకులు సుమారు 27,500. వానిలో దాదాపు 24,000 మందుతోనే యుండెను. అందు సగమింటిలో రెండేసి మోతాదులు, కొన్నిటిలో మూడు మొదలు పదివరకు, ఒక్కదానిలో 23 మోతాదులు కానవచ్చెను. ఆ రొదలో, ఆ పొగలో తన తుపాకి ప్రేలలేదని సిపాయి ఎరుగక మరల మరల దట్టించెను. అందు ప్రతి తుపాకిని తరువాత ఎవరో ఒకరు కూర్చుండి ఓపికతో ఖాళీ చేయవలసి వచ్చెను.

1866 ప్రాంతమున ఎన్‌ఫీల్డు రైఫిళ్లకు వెనుకవైపు తలుపు అమర్చి తూటాను అచ్చటనే ఉంచు విధానము వచ్చెను. దానితో సైనికునికి ఈ బాధ తప్పినది. కాని పూర్తిగా పోలేదు. మన తెలుగు జిల్లాల అడవిప్రాంతములలో భర్మారు అనబడు నాటుతుపాకులు నేటికిని అపుడపుడు పట్టుబడుచున్నవి. ఇనుపగొట్టము నాసిరకము, మందు ఇంట నూరినది, గుండు చేతికి దొరికిన ఇనుపముక్క. పైని చెప్పిన మూడు చిక్కులును అందు ఒక్కటియై యుండును.

పాత గృహములలో తాతతండ్రుల తుపాకి ఒకటి గోడకు వ్రేలాడుట కొత్త కాదు. ఇచట ఒక్కమాట గుర్తుంచుకొనవలెను. పొడిగా ఉన్న మందు నూరేండ్లైనను చావదు. వస్తుప్రదర్శనశాలలకు చేరిన పాతతుపాకులలో దట్టించిన మందు బయటపడిన సందర్భములు లోకమున పెక్కు కలవు. అందుచే పిల్లల చేతికి దాని నీయరాదు. దీపము దాపునకు తేరాదు. గొట్టములో కన్ను పెట్టి చూడరాదు. సన్నని కొయ్యపుల్లను దించి, దిగినంత మేర కొలిచి, ఆ కొలతను వెలుపల గొట్టముప్రక్కన చెవివరకు సరిచూచినచో లోపల ఏమైన ఉన్నదో లేదో తెలియును. ఉన్నచో స్వయముగా తీయ పూనుకొనక, పోలీసు ఠాణాకు తెలిపి, ఆ విద్య ఎరిగిన ఆయుధకారునికి అప్పగించుట మేలు. అట్టి ఆయుధమును ఉంచుకొనుటకు 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి కావలెనా యన్న సంగతియు అచ్చటనే తేలును.

దట్టించుటకు అరనిమిషము చాలును. తీయుటకు ఒక పూట పట్టును. ఓర్పును, నీరును, ప్రక్కకు తొలగి నిలుచు బుద్ధియు కావలెను. గోలకొండవారు చీకటి సొరంగములో చేతులతో మందును తోడినపుడు చూపినది ఆ ఓర్పే. ఆ కోటను మరల చూడబోవువారు బురుజులమీది ఫిరంగులతోపాటు, ఆ గోడల క్రింది నేలను కూడ ఒకమారు తలంచుకొందురని మా ఆశ.