నిర్ధార్య నిర్మాణాలు – సమతాస్థితి సూత్రం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
తులాదండ సూత్రాన్ని ఆర్కిమిడీస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే నిరూపించాడు. వాలుతలంపై బరువుల సమతాస్థితిని సైమన్ స్టెవిన్ 1586లో వివరించాడు. త్రిభుజాకార చట్రాలతో కూడిన కర్ర వంతెనలను పల్లాడియో 1570 నాటి తన గ్రంథంలో చిత్రించాడు. సూత్రమూ, నిర్మాణమూ రెండూ ఉన్నా, చట్రంలోని ఒక్కొక్క కడ్డీ ఎంత బలాన్ని మోస్తుందో లెక్కగట్టే పద్ధతి 19వ శతాబ్దం నడుమ గాని స్థిరపడలేదు. ఈ జాప్యానికి కారణాలను అన్వేషించడమే ఈ వ్యాస లక్ష్యం.

లెక్క అవసరమైన సందర్భం:
కర్ర వంతెనలపై బండ్లు నడిచినంతకాలం వడ్రంగి అనుభవమే ప్రమాణం. రైలు రాకతో ఆ ప్రమాణం చాలలేదు. రైలు బరువు ఎక్కువ. పైగా అది కదిలే బరువు. 10 మీటర్ల దూలంపై 12 టన్నుల బరువు ఎడమ ఆధారానికి 4 మీటర్ల దూరంలో ఉంటే, భ్రామకాల సమీకరణం ప్రకారం ఎడమ ఆధారం 7.2 టన్నులు, కుడి ఆధారం 4.8 టన్నులు మోస్తాయి. బరువు జరిగేకొద్దీ ఈ పంపకం మారుతుంది. చట్రంలోనైతే లాగుడుకు లోనైన ఏటవాలు కడ్డీయే మరుక్షణం నొక్కుడుకు లోనుకావచ్చు. పోత ఇనుము నొక్కుడును భరించినంతగా లాగుడును భరించలేదు. కనుక ఏ కడ్డీలో ఏ బలం పుడుతుందో ముందే తెలియవలసి వచ్చింది.

పద్ధతులు – పరిమితి:
1847లో అమెరికన్ ఇంజనీరు స్క్వైర్ విప్పుల్ తన గ్రంథంలో ఈ బలాలను క్రమబద్ధంగా లెక్కించి చూపాడు. 1860వ దశకంలో జర్మనీకి చెందిన ఆగస్ట్ రిట్టర్ చట్రాన్ని ఊహలో కోసి, ఒక భాగపు సమతాస్థితిని మాత్రమే పరిశీలించే మార్గాన్ని ప్రతిపాదించాడు. 1866లో కుల్మన్ అదే పనిని రేఖాచిత్రాలతో సాధించాడు.

సమతలంలోని చట్రానికి ప్రతి సంధి వద్ద రెండు సమీకరణాలు లభిస్తాయి. కడ్డీల సంఖ్యకు మూడు ఆధార ప్రతిచర్యలను కలిపితే సంధుల సంఖ్యకు రెట్టింపు కావాలి. త్రిభుజంలో మూడు కడ్డీలు, మూడు ప్రతిచర్యలు, మూడు సంధులు, లెక్క సరిపోతుంది. ఒక్క కడ్డీ అదనంగా చేరినా సమతాస్థితి సమీకరణాలు చాలవు. పదార్థపు సాగుదలనూ గణించాలి. ఆ మార్గాన్ని మాక్స్‌వెల్ 1864లో చూపాడు.

ముగింపు:
సిద్ధాంతం సంధుల వద్ద కడ్డీలు స్వేచ్ఛగా తిరుగుతాయని భావిస్తుంది. అమెరికన్ వంతెన నిర్మాతలు కడ్డీలను మేకులతో కలిపి, ఆ భావనకు దగ్గరగా వంతెనలనే మలిచారు. అంటే ఇక్కడ గణితం నిర్మాణాన్ని వివరించడమే గాక, దాని రూపాన్నీ నిర్దేశించింది. ఇందులో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. నిర్ధార్య చట్రంలో ఆధారం కొద్దిగా కుంగినా కొత్త బలాలు పుట్టవు. కానీ కీలకమైన ఒక్క కడ్డీ తెగితే బరువు మళ్ళడానికి వేరే దారి ఉండదు. కాబట్టి ఈ జాప్యాన్ని జ్ఞానలోపంగా భావించడం సరికాదు. లెక్క కావలసిన అవసరమూ, లెక్కకు లొంగే రూపమూ ఒకే కాలంలో కలిసినప్పుడే పాత సూత్రం ఇంజనీరు చేతి పనిముట్టు అయింది.