తొలియేటి చదువు

బిడ్డ బడిలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరమున ఏమి నేర్చుకొనును? అక్షరములని లోకము చెప్పును. కాని అక్షరములకంటె ముందుగా వాడు మరియొక పాఠము నేర్చును: తాను ఇంట మాటలాడు భాషకు ఈ బడిలో విలువ కలదా, లేదా యనునది. ఈ పాఠమును ఏ పుస్తకమును చెప్పదు. అయినను బిడ్డ దానిని మరువడు. సీలేటి యొడ్డున డొంకరాయి మొదలుకొని అరకులోయ వరకు వ్యాపించిన తూర్పుకనుమలలో ఎందరి చదువునకో ఈ పాఠమే అడ్డుతగిలినది. అయితే ఇది కొండలలో పుట్టిన దోషము కాదు. దీని మూలము పల్లపుసీమల వీధిబడులలోనే కలదు. కావున ముందుగా ఆ బడుల చరిత్రము చూతము.

1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ప్రతి జిల్లాకలెక్టరును స్వదేశీయుల బడుల లెక్క పంపుమని యాజ్ఞాపించెను. 1826 నాటికి తేలిన మొత్తము 12,498 బడులు. వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన వ్రాసినది మిక్కిలి విలువైనది. ఆ జిల్లాలో 533 బడులు. అందు 226 తెలుగుబడులు. చదువుకొను పిల్లలు మొత్తము 6,641 మంది. ఆయన లెక్కతో తృప్తిపడక, బిడ్డ బడిలో ఏమి చేయునో కూడ వ్రాసెను.

అయిదవయేట వినాయకపూజ చేసి, గురువు బిడ్డచేయి పట్టుకొని బియ్యముమీద వ్రేలితో దిద్దించును. పిమ్మట బిడ్డ ఇసుకలో దిద్దును. అక్షరమును నోట వల్లించుటకంటె ముందు చేత వ్రాయుచు నేర్చుట మన పద్ధతి. చేయి తిరిగిన తరువాత తాటాకు, గంటము. లేదా మసిపూసిన కడితము, బలపము. బడి ఉదయము ఆరుగంటలకే ఆరంభము. ముందుగా వచ్చినవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు; రెండవవానికి సున్న; మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైవారికి వరుసగా హెచ్చు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠము చెప్పుదురు. ఖర్చు లేని ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను. అంతకు ముందే, 1789 ప్రాంతమున, మద్రాసు ఎగ్మూరు అనాథశరణాలయములో ఆండ్రూ బెల్ అను క్రైస్తవమతాచార్యుడు ఇసుకవ్రాతను, పిల్లలచే పిల్లలకు చెప్పించుటను ప్రవేశపెట్టి, 1797లో లండనులో గ్రంథము ప్రకటించెను. మన వీధియరుగు చదువు 'మద్రాసు పద్ధతి' యను పేరుతో ఇంగ్లండు బడులకు పోయినది. ఇది గర్వింపదగిన విషయమే.

కాని అదే నివేదికలో గర్వభంగము కూడ కలదు. పిల్లలు చదువు పద్యముల భాష వారు మాటలాడు భాష కాదనియు, అర్థ మెరుగకయే చిలుకలవలె లెక్కలేనన్ని పద్యములు వల్లించుచున్నారనియు క్యాంబెల్ వ్రాసెను. వర్ణమాల సంగతియు నట్టిదే. ఆ క్రమము శాస్త్రీయము, సుందరము. సంస్కృతము చదివిన నేను దానిని నిందింపను. కాని సంస్కృతమందే ఒక్క ధాతువునకు మాత్రమే పనికివచ్చు ఌకారమును అయిదేండ్ల తెలుగుబిడ్డచేత దిద్దించితిమి. వాని నోట అప్పటికే యున్న అమ్మ, ఆవు, ఇల్లు అను మాటలు తరువాత వచ్చినవి. మాటనుండి అక్షరమునకు పోవలసిన దారిని మనము తలక్రిందులు చేసితిమి.

పల్లపుబిడ్డకు ఇంటి తెలుగు, పుస్తకపు తెలుగు అను ఒక్క గట్టు మాత్రమే దాటవలసియుండెను. కొండబిడ్డకు అట్టి గట్లు పెక్కు. ఈ కనుమలలో కోయ, కువి, కొండభాష ద్రావిడములు. సవర, గుతోబు గదబ ముండాకుటుంబమునకు చెందినవి. ఆదివాసీ ఒడియా ఆర్యభాష. కొండరెడ్లు మాటలాడునది తెలుగే; అయినను అది పుస్తకపు తెలుగు కాదు. అయిదేండ్ల కొండబిడ్డ ఏమియు ఎరుగనివాడు కాడు. పోడులో చోళ్లు, సామలు ఎప్పుడు చల్లుదురో, ఏ దుంప తినదగునో, ఏ ఆకు విస్తరికి పనికివచ్చునో వాడు చూచియే యున్నాడు. ఆ జ్ఞానమంతయు వాని భాషలో నున్నది. బడివాకిట ఆ భాషను విడువుమన్నచో జ్ఞానమునే విడువుమన్నట్లు. 'కూర్చుండుము' అన్న మాటయే తెలియని బిడ్డకు గుణింతము చెప్పినచో వాడు మౌనము వహించును. మనము వానిని మందమతి యందుము.

ఈ మౌనమునకు కారణము కనిపెట్టిన మహనీయుడు గిడుగు రామమూర్తి పంతులు (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, కొండలనుండి వచ్చు సవరలను చూచి, వారికి తన భాష నేర్పుటకు ముందు వారి భాషను తాను నేర్చెను. సవరభాషలో వాచకములు వ్రాసెను. స్వంత ధనముతో సవరపిల్లలకు బడి పెట్టెను. ప్రభుత్వమువారు పారితోషిక మీయజూపగా, అది తనకు వలదని, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరెను. ఆయన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. వ్యావహారికభాషావాదిగా ఆయనను తెలుగువా రెల్ల నెరుగుదురు. ఆ ఉద్యమమును ఈ సవరబడిని వేరువేరుగా చూచుట పొరపాటు. పల్లపుబిడ్డకును కొండబిడ్డకును ఆయన కోరినది ఒక్కటే: చదువు బిడ్డ నోటినుండి మొదలు కావలెను. ప్రౌఢుల వ్యాసమునకు గ్రంథభాష తగునా తగదా యను వాదము వేరు; అయిదేండ్ల బిడ్డ విషయమున వాదమునకు తావే లేదు.

ఆయన తలపోసినదానిని శాసనములు మెల్లగా అంగీకరించినవి. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమికవిద్య మాతృభాషలో సమకూర్చ యత్నింపవలెనని చెప్పెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము, సాధ్యమైనంతవరకు బోధనభాష మాతృభాషయే కావలెననెను. ఆంధ్రప్రదేశములో 2004 ప్రాంతమున సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా అను 8 భాషలలో వాచకములు తెలుగులిపితో బడులకు వచ్చినవి. మొదటి యేట ఇంటిభాష, పిమ్మట క్రమముగా తెలుగు: ఇది సరియైన మెట్లవరుస.

కాని పుస్తకమున్నంతమాత్రమున చాలదు. దానిని పలుకు గురువు కావలెను. షెడ్యూల్డు ప్రాంతముల ఉపాధ్యాయపదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000 జనవరిలో ప్రభుత్వము చేసిన ఉత్తరువును, నూటికి నూరుపాళ్లు కేటాయించుట రాజ్యాంగవిరుద్ధమని 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆ తీర్పు బాగోగు లెట్లున్నను ప్రశ్న మిగిలియే యున్నది: ఆ బిడ్డ మాట తెలిసిన గురువును ఎక్కడనుండి తెత్తుము?

'తెలుగు, ఇంగ్లీషు రానిచో కచేరీలో, సంతలో మా బిడ్డ బ్రతుకు టెట్లు?' అని తల్లిదండ్రులడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆ భాషలు రావలెను. కాని తెలిసినదానిమీద నిలిచినగాని తెలియనిది చేతి కందదు. డొంకరాయి ఆనకట్ట నీరు 25 మెగావాట్ల విద్యుత్తై పల్లపుసీమలకు పోవుచున్నది. కొండనుండి అంత తీసికొన్న మనము కొండబిడ్డకు కనీసము తొలియే డైనను వాని మాటలోనే చెప్పలేమా? చేయవలసినది కష్టము కాదు. గింజలతో లెక్క, ఇసుకలో వ్రాత, అవ్వ చెప్పు కథ, ఆ కథలోని మాట, ఆ మాటలోని అక్షరము. దీనికి గొప్ప భవనములు అక్కరలేదు. బడిలోనికి వచ్చిన బిడ్డను ముందు మాటలాడనిచ్చి వినగల యుపాధ్యాయుడు కావలెను.