కంటికి కనిపించని ధూళి

1952 డిసెంబరులో లండన్ మహానగరాన్ని బొగ్గు పొగ ఐదు రోజులు కమ్మేసింది. వేలమంది చనిపోయారు. 1956లో అక్కడ స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. ఆ పొగ కంటికి కనిపించింది. మరి కనిపించని ధూళి మాటేమిటి?

అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 6 పట్టణాల్లో 8,000 మందికి పైగా స్త్రీపురుషులను ఏళ్ల తరబడి గమనించి, 1993లో ఫలితాలు ప్రకటించారు. సిగరెట్టు అలవాటు వంటివి లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, గాలి బాగా చెడిన ఉక్కు పట్టణం స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు అన్నిటికంటే శుభ్రమైన పట్టణంలో కన్నా 26 శాతం ఎక్కువగా తేలింది. 2.5 మైక్రాన్లలోపు ధూళి ఊపిరితిత్తుల లోతుకు దిగి, ఏళ్లు గడిచేకొద్దీ గుండెనూ దెబ్బతీస్తుంది.

ఆకాశం తేటగా ఉందని నిశ్చింతగా ఉండకండి. మీ ఊరి గాలిని ఎవరైనా కొలుస్తున్నారా? అడగండి.