వెనుక చక్రాల బ్రేకు: జోడు కుదరని భాగాల కథ

సికింద్రాబాదులోని మారేడ్‌పల్లి వంటి పాత పేటలలో, తండ్రి నాటి అంబాసిడరునో ఫియట్టునో అమ్మక షెడ్డులో నిలుపుకొన్న ఇండ్లు ఇంకా కొన్ని ఉన్నవి. ఇటువంటి కార్లకు వచ్చే జబ్బు ఒకటి చిత్రంగా ఉంటుంది. బ్రేకు నొక్కగానే వెనుక ఎడమ చక్రం బిగుసుకొని రోడ్డుపై నల్లని చార గీస్తుంది. కుడి చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. విప్పి చూస్తే లోపలి సామానంతా కొత్తదే! సామాను మంచిదైనా ఎడమది కుడిదానికి జోడు కాదు. ఇది ఎట్లా సంభవిస్తుందో తెలియడానికి బ్రేకు చరిత్రను కొంత తిరగవేయాలి.

ఫ్రాన్సు దేశంలో లూయీ రెనో 1902లో డ్రమ్ము బ్రేకును ప్రవేశపెట్టాడు. చక్రంతోపాటు తిరిగే గిన్నె వంటి డ్రమ్ములో నెలవంక ఆకారంగల రెండు షూలుంటవి. బ్రేకు నొక్కినపుడు అవి విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒరుసుకొంటవి. ఇందులో ఒక విశేషం గమనించవలె. డ్రమ్ము తిరిగే దిశలోనే కదిలి ఒత్తే షూను ఘర్షణే ఇంకా గట్టిగా డ్రమ్మువైపు లాగుకొంటుంది. రెండవ షూను అదే ఘర్షణ వెనుకకు నెట్టుతుంది. కావున రెండు షూలు చూపులకు ఒకే తీరుగా ఉన్నా చేసే పని సమానం కాదు. కొన్ని కార్లలో ఒక షూకు పొడుగు లైనింగు, రెండవదానికి పొట్టి లైనింగు అమర్చటం ఇందుకే. వాటిని తారుమారు చేస్తే చక్రం పట్టు మారిపోతుంది.

మొదట షూలను కడ్డీలతో, తీగెలతో లాగేవారు. నాలుగు చక్రాలకు సమానమైన లాగుడు కుదర్చటం గగనమయ్యేది. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ అనే ఆయన గొట్టాలలోని ద్రవం ద్వారా బలాన్ని పంపే పద్ధతికి 1917లో పేటెంటు పొందాడు; 1921లో డ్యూజెన్‌బర్గ్ కారులో అది నాలుగు చక్రాలకూ వచ్చింది. దీనికి ఆధారం పాఠశాలలో మనం చెప్పుకొనే పాస్కల్ సూత్రమే. బంధించిన ద్రవంలో పీడనం అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుంది. పీడనం సమానమే గాని బలం సమానం కానక్కరలేదు. బలం పిస్టను వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసం యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఎడమ చక్రపు సిలిండరు లోపలి వ్యాసం అంగుళంలో 7/8 వంతు, కుడిది 3/4 వంతు అనుకొందాం. తేడా అంగుళంలో ఎనిమిదవ వంతే, కంటికి ఆనదు. వర్గాల నిష్పత్తి 49 : 36. అంటే ఎడమ షూలపై బలం 36 శాతం ఎక్కువ! బ్రేకు వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక వెనుక చక్రాలు తేలికపడి ఉంటవి. కొద్దిపాటి అదనపు బలానికే బిగుసుకొంటవి. బిగుసుకొన్న చక్రానికి పక్కకు జారకుండా నిలిచే శక్తి పోతుంది. ముందు చక్రాలలో తేడా ఉంటే స్టీరింగు ఒక పక్కకు లాగి హెచ్చరిస్తుంది. వెనుక తేడాకు అటువంటి హెచ్చరిక అంతగా ఉండదు. వానపడిన రోడ్డుపై తోక తిరిగినపుడు గాని తెలియదు.

ఒక బండి భాగం మరొక బండికి అచ్చంగా సరిపోవాలన్న నియమం కూడ అంత పాతదేమీ కాదు. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లండ్స్ పందెపు బాటవద్ద మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలను కలగలిపి, వాటిలో 89 భాగాలను తీసివేసి దుకాణపు నిల్వనుండి తెచ్చినవి పెట్టి, మళ్ళీ మూడు కార్లుగా బిగించారు. అవి 500 మైళ్ళు నడిచినవి. ఆకురాయితో అరగదీసి సరిచేయనక్కరలేని భాగాలు ఉండగలవని లోకానికి ఆనాడు రుజువైంది. అయితే ఈ గుణం ఒకే కొలతతో చేసిన భాగాలమధ్యనే ఉంటుంది.

మన ప్రాంతానికి మోటారు బండ్లతోపాటు బ్రిటిషు అంగుళం వచ్చింది. నిజాం రాజ్యంలో 1932లో ప్రభుత్వ రోడ్డు రవాణా 27 బస్సులతో మొదలయింది. అవి స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బండ్లు. స్వాతంత్ర్యానంతరం వచ్చిన అంబాసిడరు కూడ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానమే. దాని కొలతలు అంగుళాలు. బొంబాయిలో తయారైన ఫియట్ ఇటలీ బిడ్డ, దానివి మిల్లీమీటర్లు. మన ప్రభుత్వం 1956లో మెట్రిక్ కొలతల చట్టం చేసింది గాని చట్టం మారినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న బండ్ల ఇరుసులు మారవు గదా! అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. నేడు దాని యజమాని రాణీగంజ్ విడిభాగాల బజారులో దొరికినదే తెచ్చుకొంటాడు. అక్కడ అంగుళం, మిల్లీమీటరు పక్కపక్క అరలలో ఉంటవి.

3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. దీనికి చేసిన రబ్బరు కప్పును 20 మిల్లీమీటర్ల సిలిండరులో పెడితే పడుతుంది. కొన్నాళ్ళు పనిచేసినట్లే ఉండి, తరువాత ద్రవం కారి లైనింగును తడుపుతుంది. తడిసిన లైనింగు జారవచ్చు, లేదా అకస్మాత్తుగా పట్టవచ్చు. దాన్ని చూచి మెకానిక్కు లైనింగునే మార్చుతాడు. జబ్బు ఒకచోట, మందు ఒకచోట.

పరీక్ష ఒక్క చక్రంతో ఆగరాదు. రెండు డ్రమ్ములను ఊడదీసి, ఎడమ కుడి భాగాలను గుడ్డపై ఎదురెదురుగా పేర్చవలె. సిలిండరు వ్యాసాన్ని బడి ప్రయోగశాలలోని వెర్నియరు కాలిపర్సుతోనే కొలవవచ్చు. లైనింగు పొడవు, వెడల్పు, స్ప్రింగుల బిగువు, చేతి బ్రేకు మీటల వంపు కూడ పోల్చవలె. డ్రమ్మును లేతు మీద ఒకవైపే ఎక్కువ చెక్కి ఉంటే దాని లోపలి వ్యాసం పెరిగి, కొత్త షూ నడుమ మాత్రమే ఆని చివరలు ఆనవు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కావున గాలి కొట్టి దులపరాదు, తడిగుడ్డతో తుడవవలె.

అన్నిటికన్నా మోసకారి గొట్టం చివరి మర. అంగుళంలో 3/8 వంతు మర వ్యాసం 9.525 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. దానికి దగ్గర మెట్రిక్ మర 10 మిల్లీమీటర్లది, చుట్టుకు చుట్టుకు ఎడం 1 మిల్లీమీటరు. మొదటిదానికి ఆ ఎడం 1.058. సన్నని మర వెడల్పు రంధ్రంలో తేలికగా దిగి, స్పానరుతో తిప్పితే బిగిసినట్లే తోస్తుంది. చుట్ల అంచులు మాత్రమే పట్టుకొని ఉంటవి. గట్టిగా బ్రేకు తొక్కిన రోజున ఆ అంచులు తెగి, గొట్టం ఊడివస్తుంది. అందుకే స్పానరు పట్టకముందు వేళ్ళతోనే తిప్పి చూడవలె: సరియైన మర చివరిదాకా నిదానంగా, వదులు లేకుండా దిగుతుంది, జోడు కానిది పక్కలకు ఊగుతుంది.